మంజూరు అంటే చూసినది

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకిచ్చిన అంశం సిబ్బంది హాజరు, జీతాల చెల్లింపు. ఆహ్వానపత్రంలో మా పేరు ప్రక్కన యీ మాట చూసి ఒక మిత్రుడు, "ఇదేం ప్రసంగం సార్, విద్య గురించి చెప్పండి, ఐక్యత గురించి చెప్పండి, హాజరుపట్టీ గురించి యెవరు వింటారు?" అన్నారు. ఐక్యత గురించి యీ వేదిక మీదనే రెండుమూడు సార్లు చెప్పాము. చప్పట్లు కొట్టారు, భోజనం చేశారు, ఇళ్ళకు వెళ్ళారు. ఈసారి చప్పట్లు రాకపోయినా ఫరవాలేదు. ఒక తప్పు జరిగింది. ఆ తప్పు కింద వున్న సంతకం మాది. అది మీ ముందు చెప్పకుండా యింకేం చెప్పినా మాకు నోరు రాదు.

మన సంఘం పెద్ద ఫ్యాక్టరీ కాదు. సాయంత్రం ట్యూషన్ సెంటరు, కుట్టు శిక్షణ కేంద్రం, ఒక అంబులెన్సు, రాత్రి కాపలా. అంతా కలిపి జీతం తీసుకునేవాళ్ళు పదిమంది లోపే. అందులో సగంమంది రోజుకు రెండు గంటలో మూడు గంటలో పనిచేసేవాళ్ళు. ఇంత చిన్న సంస్థకు నియమాలెందుకు, అందరూ మనవాళ్ళే కదా, అని మనం ఇన్నాళ్ళూ అనుకున్నాం. మేమూ అనుకున్నాం. నియమం లేనిచోట దెబ్బ తగిలేది యెవరికో మాకు 2024 లో తెలిసివచ్చింది.

ఆ సంవత్సరం మార్చి 12 న రంజాన్ మొదలయింది. ఉపవాసాలు గనుక ట్యూషన్ సెంటరు వేళ మార్చాం. సాయంత్రం నడిచేదాన్ని జుహర్ నమాజు తర్వాతకు తెచ్చాం. హాజరు వేసే కుర్రవాడు కాలేజీలో చదువుకుంటున్నాడు, మధ్యాహ్నం రాలేడు. వేళ మార్చినప్పుడు హాజరు యెవరు వేస్తారన్న సంగతి మా యెవరి తలలోకీ రాలేదు. పంతుళ్ళు తమ సంతకాలు తామే పెట్టుకున్నారు. ఆయాకు సంతకం రాదు. గదులు ఊడ్చి, చాపలు పరిచి, బిందెలు నింపి, పిల్లలు వెళ్ళిన తర్వాత తాళం వేసి వెళ్ళేది ఆమె. ఆమె గడిలో హాజరు వేయవలసింది ఆ కుర్రవాడు. అతను రాని రోజుల్లో ఆ గడులు ఖాళీగా వుండిపోయాయి. అలాంటివి పదకొండు.

నెల ఆఖరున పట్టీ మా దగ్గరకు వచ్చేలోపల యెవరో ఆ పదకొండు ఖాళీ గడుల్లోనూ గైర్హాజరు గుర్తు పెట్టారు. దురుద్దేశంతో కాదు. ఖాళీగా వుంటే కూడిక కుదరదు, ఖాళీ అంటే రానట్టే కదా అనుకున్నారు. మేము మగ్రిబ్ తర్వాత ఆఫీసుగదిలో కూర్చున్నాం. ఇఫ్తారు అయింది, చాయ్ వచ్చింది, తరావీహ్‌కు వేళవుతోంది. పట్టీ తెరిచారు, మేము సంతకం పెట్టాము. అర నిమిషం పట్టిందేమో. ఆయా జీతం అప్పుడు నెలకు 3,000 రూపాయలు. రోజుకు వంద లెక్కన 1,100 కోసి, 1,900 చేతిలో పెట్టారు. ఏప్రిల్ 11 న పండుగ.

ఆమె యెవరినీ అడగలేదు. పండుగ ఖర్చుకు సంఘమే చందా పట్టుకుందేమో అనుకున్నదట. అడిగితే వున్న పని పోతుందేమోనని కూడా అనుకున్నది. ఈ రెండో మాట మాకు చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు.

బక్రీదుకు ముందర మా ఇంటికి వచ్చి మా యింట్లోవాళ్ళతో, "ఆపా, పిల్లల పాత బట్టలేమైనా వుంటే యివ్వండి, ఈదుకు కూడా కుట్టించలేకపోయాను" అన్నదట. మా ఆవిడ వూరుకునే మనిషి కాదు. జీతం వస్తోంది కదా, ఈదుకు యెందుకు కుట్టించలేదు అని ఆరా తీసింది. రాత్రి మేము ఇంటికి రాగానే అన్నం పెట్టకుండానే అడిగింది, "మీరు దేనిమీద సంతకం పెట్టారు?" అని.

మర్నాడు పాత పట్టీ తీశాం. అదే పేజీలో ఇంకొకటి కనబడింది. కుట్టు కేంద్రంలో నేర్పే ఆమె ఆ నెలలో తొమ్మిది రోజులు పుట్టింటికి వెళ్ళింది. వెళ్ళిన సంగతి మాకందరికీ తెలుసు, తెచ్చిన ఖర్జూరాలు తిన్నాం కూడా. పట్టీలో మాత్రం నెలంతా హాజరే. తిరిగి వచ్చిన రోజున ఖాళీ గడులన్నింటిలో ఒకేసారి సంతకాలు పెట్టేసింది. ఒకే సిరా, ఒకే వాలు. రోజుకు 200 చొప్పున 1,800 రూపాయలు. అంటే, రాని రోజులకు జీతం తీసుకున్న ఆమె, వచ్చిన రోజులకు జీతం పోగొట్టుకున్న ఆమె, ఒకే పేజీలో వున్నారు. ఇద్దరి కింద ఒకటే సంతకం, మాది. ఒకరికి సంతకం చేయడం వచ్చు, ఇంకొకరికి రాదు. వారిద్దరికీ వున్న తేడా అంతే.

ఆడిటరుగారు ఆ సంవత్సరం లెక్కలు చూశారు. పట్టీకీ బిల్లుకూ సరిపోయింది, బిల్లుకూ బ్యాంకుకూ సరిపోయింది. ఓచర్లున్నాయి. టిక్కు పెట్టి వెళ్ళారు. ఆయన తప్పేమీ లేదు. కాగితానికి కాగితం సరిపోవడం ఆయన చూస్తారు. కాగితానికి మనిషి సరిపోవడం చూడవలసింది మేము.

మాది ఉర్దూ మీడియం. తెలుగులో పొరపాట్లు దొర్లితే మన్నించాలి. అయితే యీ ఉర్దూ పిచ్చి వల్ల ఒక లాభం జరిగింది. మన ఆఫీసుల్లో వాడే తెలుగు మాటల్లో చాలావరకు మన మదరసాల్లోని మాటలే. హాజరు, గైర్హాజరు, తారీఖు, వసూలు, బాకీ, రసీదు, తనిఖీ, అన్నీ అరబ్బీ నుంచో పార్సీ నుంచో వచ్చినవే. పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళు సంతకాన్ని యిప్పటికీ దస్కతు అంటారు. దస్త్ అంటే చేయి, ఖత్ అంటే వ్రాత. ఇక మంజూరు అనే మాట వుంది చూడండి. సెలవు మంజూరు, బిల్లు మంజూరు, ఋణం మంజూరు అంటాం. అది నజర్ అన్న ధాతువు నుంచి వచ్చింది. నజర్ అంటే చూపు. మంజూర్ అంటే అసలు అర్థం చూడబడినది. అంగీకారం అన్న అర్థం తర్వాత వచ్చింది. ముందు చూడాలి, చూసిన తర్వాతే ఔననాలి. మేము యిరవై యేళ్ళుగా పిల్లలకు యీ మాటలు చెబుతూనే వున్నాం. చూడకుండానే మంజూరు చేస్తూ వచ్చాం.

ఇది కొత్త జబ్బు కాదు. చరిత్ర చెప్పేవాళ్ళం గనుక అటు వెళ్ళకుండా వుండలేము, క్షమించండి. ఢిల్లీ సుల్తానుల కాలంలో సైన్యానికి యిదే తగువు. సర్దారు వెయ్యి గుర్రాలకు జీతం తీసుకుంటాడు, పాయలో ఆరువందలే వుంటాయి. తనిఖీ రోజున ప్రక్కవాడి గుర్రం తెచ్చి చూపిస్తాడు. అలాఉద్దీన్ ఖిల్జీ (1296 - 1316) దీనికి రెండు ఉపాయాలు చేశాడు. గుర్రానికి వాత వేయించాడు, దాన్ని దాగ్ అన్నారు. మనిషికి హులియా వ్రాయించాడు, అంటే ముఖం గుర్తులు. ఒకే గుర్రాన్ని రెండుసార్లు చూపడానికి వీలు లేకుండా పోయింది. తర్వాత యీ పద్ధతి సడలింది. షేర్‌షా మళ్ళీ పట్టాడు, అక్బరు 1573 - 74 ప్రాంతంలో మళ్ళీ తెచ్చాడు. అక్బరు కాలంలో కూడా తనిఖీ రోజున యెవరెవరినో పట్టుకొచ్చి సిపాయిల్లా నిలబెట్టి, పని కాగానే పంపేసేవారని బదాయూనీ వ్రాశాడు. గుర్రానికి వాత వేసినా, వాత చూసే గుమాస్తా కళ్ళు మూసుకుంటే యేమి ప్రయోజనం?

ఫిరోజ్‌షా తుగ్లక్ (1351 - 1388) సంగతి యింకా వింత. ఆయన కాలపు చరిత్రకారుడు అఫీఫ్ వ్రాశాడు. ఒక సిపాయి విచారంగా వున్నాడు. గడువులోగా గుర్రాన్ని తనిఖీలో చూపి పాస్ చేయించుకోలేకపోయాడు. ఒక బంగారు టంకా యిస్తే గుమాస్తా పాస్ చేస్తాడు, కాని తన దగ్గర అది లేదు. ఈ మాట సుల్తానుగారి చెవిన పడింది. ఆయన యేం చేశాడనుకున్నారు? గుమాస్తాను పిలిపించలేదు. తన దగ్గరి టంకా తీసి సిపాయి చేతిలో పెట్టాడు. సిపాయి వెళ్ళి గుమాస్తాకు యిచ్చాడు, పాస్ తెచ్చుకున్నాడు, సుల్తానుకు సలాము చేశాడు. ఫిరోజ్‌షా దయగలవాడే. కాలువలు త్రవ్వించాడు, ఆసుపత్రి పెట్టించాడు, పేద ఆడపిల్లల పెళ్ళిళ్ళకు సాయం చేశాడు. కాని హాజరుపట్టీ దగ్గర కూడా దయ చూపించాడు. ఆయన పోయిన పదేళ్ళకు తైమూరు వచ్చేసరికి ఢిల్లీని కాపాడే సైన్యం లేదు. అంతా ఆ ఒక్క టంకా వల్లనే అని మేము అనడం లేదు, దానికి వేరే కారణాలు చాలా వున్నాయి. క్లాసులో యీ కథ చెబితే పిల్లలు నవ్వుతారు. మేమూ నవ్వేవాళ్ళం.

మన సంఘంలో కూడా జరిగేది ఆ టంకా వ్యవహారమే. "పాపం, పోనీలెండి" అన్న మాట మన దగ్గర యెంత సులభంగా వస్తుందో ఆలోచించండి. పాపం, తల్లికి బాగాలేక వెళ్ళింది, పోనీ హాజరు వేసేయండి. పాపం, డ్రైవరుకు ముగ్గురు ఆడపిల్లలు, ఇంకో నాలుగు గంటలు కలిపి వ్రాయండి. ఇది దయ కాదా అంటే, దయే. కాని యెవరి డబ్బుతో? ఈ సంఘంలోకి వచ్చే ప్రతి రూపాయి యెవరో అమానత్‌గా యిచ్చినది. కూరగాయల బండి వాళ్ళు కూడా నెలకు యాభై యిస్తున్నారు. ఆ డబ్బులో సాయం చేయడానికి వేరే పద్దు వుంది. తల్లికి బాగాలేకపోతే సహాయ నిధికి అర్జీ పెట్టమనండి, కార్యవర్గం తీర్మానం చేసి యిస్తుంది. ఆ కాగితం మీద నిజం వుంటుంది. హాజరుపట్టీలో దొంగతనంగా చేసే సాయం అడగగలిగినవాళ్ళకే అందుతుంది. అడగలేని ఆయాకు అందదు. అందకపోవడమే కాదు, ఆమె పదకొండు రోజులు ఖాళీగా వున్నా యెవరూ 'పాపం' అనలేదు.

ఈ సంగతి కార్యవర్గంలో చెప్పినప్పుడు పెద్దలొకరు నొచ్చుకున్నారు. "మనం ఒకరినొకరు నమ్మకపోతే యింక సంఘం యెందుకు?" అన్నారు. వారంటే మాకు యెంతో గౌరవం. అయినా ఆ రోజు ఒక మాట మనవి చేశాము. ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగైన ఆయత్ యేది? సూరె బఖరాలోని 282 వ ఆయత్. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. అప్పు పుచ్చుకున్నప్పుడు వ్రాసుకోవడం గురించి. వ్రాసేవాడు యెలా వ్రాయాలి, సాక్షులు యెంతమంది వుండాలి, మొత్తం చిన్నదయినా పెద్దదయినా వ్రాయడానికి విసుగుపడవద్దని, వ్రాసినవానికీ సాక్షికీ హాని చేయకూడదని, యిన్ని వివరాలు అందులో వున్నాయి. ఆ ఆయత్ మొదలయ్యేదే విశ్వాసులను పిలుస్తూ. నమ్మకం లేనివాళ్ళకు కాదు, నమ్మకం వున్నవాళ్ళకే వ్రాసుకోమని చెప్పింది. మేము యిది చెప్పేసరికి ఆ పెద్దలు కాసేపు వూరుకుని, "అయితే యేం చేద్దామంటారు?" అన్నారు. వారే యిప్పుడు యీ పనిలో మాకు ముందు నిలబడుతున్నారు.

చేసినవి చెబుతాను. మొట్టమొదట మేము సంతకం పెట్టడం మానేశాము. ఇది చెప్పడం తేలిక, మానడం తేలిక కాలేదు. ఆరేళ్ళపాటు జాయింటు సెక్రటరీ హోదాలో పట్టీ మా ముందుకు వచ్చేది, అందరూ నిలబడేవాళ్ళు. ఆ సంతకంలో కొంచెం దర్పం వుండేది, దాచడమెందుకు? కాని మేము సెంటరుకు వెళ్ళేది వారానికి ఒకసారి. మిగతా ఆరు రోజులు యెవరు వచ్చారో మాకేం తెలుసు? చూడనివాడు మంజూరు చేయకూడదు. ఇప్పుడు ట్యూషన్ సెంటరు పట్టీని అక్కడ రోజూ వుండే సీనియర్ టీచరు సాయంత్రం మూసేటప్పుడు ఆ రోజుకు ఆ రోజే సంతకం చేసి మూస్తున్నారు. నెలకొకసారి ముప్ఫై రోజులకు కాదు. ఆయన సెలవులో వుంటే యెవరు చేయాలో ముందుగానే వ్రాసిపెట్టాం. రంజాన్‌లో మాకు తగిలిన దెబ్బ అదే గదా, వేళ మారింది, మనిషి మారలేదు.

రెండో సంగతి, ఖాళీ గడి. ఖాళీ గడి అంటే గైర్హాజరూ కాదు, హాజరూ కాదు. ఖాళీ అంటే యెవరూ చూడలేదని మాత్రమే అర్థం. దాన్ని నెలాఖరున యెటైనా త్రిప్పుకోవచ్చు, అందుకే ప్రమాదం. ఇప్పుడు రోజు ముగిసేసరికి ప్రతి గడిలో ఏదో ఒకటి వుండాలి. రానివాళ్ళ గడిలో ఎర్ర సిరాతో గీత. తప్పు పడితే వైటునర్ పూయకూడదు, గీకకూడదు. పాతది కనబడేటట్టు కొట్టివేసి, ప్రక్కన సరైనది వ్రాసి, పొట్టి సంతకం, తారీఖు. మొదటి నెలలో పట్టీ కొట్టివేతలతో అసహ్యంగా తయారయింది. మాకు అది చూడ ముచ్చటగానే వుంది. ఆ రంజాన్ నెల పేజీ యెంత అందంగా వుండేదో మీరు చూడలేదు గనుక.

హాజరు వేసేవారు, బిల్లు కట్టేవారు, మంజూరు చేసేవారు, డబ్బు యిచ్చేవారు నలుగురూ వేరువేరుగా వుండాలని పుస్తకాల్లో వుంటుంది. మన దగ్గర నలుగురు యెక్కడ? కోశాధికారిగారే బిల్లు కడతారు, వారే బ్యాంకులో వేస్తారు. కాబట్టి మేము ఒక్కటే పట్టుకున్నాం: హాజరు వేసిన చేతికి డబ్బు తాకకూడదు, డబ్బు పంపిన చేతితో హాజరు దిద్దకూడదు. ఇంకా, తన హాజరును తానే మంజూరు చేసుకునే వీలు యెవరికీ లేదు. సీనియర్ టీచరు హాజరును కుట్టు కేంద్రం వాళ్ళు చూస్తారు, వాళ్ళది ఆయన చూస్తారు. మొదట్లో రెండువైపులా కాస్త ముఖాలు ముడుచుకున్నారు.

అంబులెన్సు డ్రైవరు విషయంలో హాజరుపట్టీ ఒక్కటే చాలదు. అతను రాత్రి రెండు గంటలకు వెళ్తాడు, పగలు పడుకుంటాడు. అతనికి ట్రిప్పు పుస్తకం వుంది. బయలుదేరిన వేళ, మీటరు అంకె, యే ఆసుపత్రి, తిరిగివచ్చిన వేళ. నెలాఖరున అతను వ్రాసిన గంటలనూ మీటరు తిరిగిన కిలోమీటర్లనూ డీజిలు బిల్లులనూ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే చాలు. మూడూ ఒకే మాట చెప్పాలి. చూసినప్పుడు బయటపడింది యేమిటంటే, అతను గంటలు ఎక్కువ వ్రాయలేదు, తక్కువ వ్రాశాడు. ఆసుపత్రి బయట రోగి కోసం కాచుకుని వున్న వేళను అతను పనిగా లెక్కవేయలేదు. బండి నడవలేదు గదా సార్ అన్నాడు. ఆ గంటలు కలిపి యిచ్చాం. తనిఖీ అంటే దొంగను పట్టడం అనుకునేవాళ్ళకు యీ సంగతి చెప్పాలని వుంది.

వ్రేలిముద్ర మిషను కొన్నాం. కుర్రవాళ్ళు బాగా వుత్సాహపడ్డారు. పంతుళ్ళకు పనిచేసింది. ఆయాకు పనిచేయలేదు. నలభై యేళ్ళు గిన్నెలు తోమిన చేతులు, వ్రేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. ఆమె రోజూ నాలుగైదుసార్లు వ్రేలు పెట్టి చూడడం, మిషను కూతపెట్టి కాదనడం, పిల్లలు నవ్వడం. వారం చూసి దాన్ని తీసేయించాం. మిషను మీద మాకు కోపం లేదు. 2022 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో టీచర్లకు ఫోనులో ముఖం చూపే హాజరు పెట్టారు, 2025 లో తెలంగాణాలో కూడా పెట్టారు. సిగ్నలు లేదనీ గోలలు వున్నాయి, మంచీ వుంది. కాని మిషను చూస్తుంది గదా అని మనిషి చూడడం మానేస్తే మళ్ళీ అదే గతి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి రోజుకు రెండు ఫొటోలు తీసి ఫోనులో పంపాలన్నారు. ఫొటోకు ఫొటో తీసి పంపినవాళ్ళున్నారు, సంబంధంలేని ఫొటోలు పంపినవాళ్ళున్నారు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే యీ లోపాలు చూపిస్తూ రాష్ట్రాలకు వ్రాసింది.

ఆ పథకం నుంచే నేర్చుకోవలసిన మంచి సంగతి కూడా వుంది. 1994 డిసెంబరులో రాజస్థాన్ పాలీ జిల్లాలోని కోట్ కిరానా అనే వూళ్ళో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు జనం మధ్య కూర్చుని మస్టరు రోల్సు పైకి చదివారు. ఫలానావాడు యిన్ని రోజులు పనిచేశాడు, యింత కూలి పుచ్చుకున్నాడు అని చదువుతుంటే, ఆ మనిషే లేచి నేను ఆ పనికి పోనేలేదే అన్నాడు. చదువురానివాళ్ళే తప్పులు పట్టారు, యెందుకంటే యెవరు పనికి వచ్చారో వాళ్ళకు తెలుసు. 2005 లో సమాచార హక్కు చట్టం రావడానికి అలాంటి సభలు ఒక కారణం. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలయింది. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ పేరుతో వూరూరా మస్టర్లు చదివి వినిపించడం జరిగింది. దేశంలో మిగతా రాష్ట్రాలవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

మేము అది కాపీ కొట్టాం. నెల ఆఖరు రోజున పట్టీ మూస్తాం. మర్నాడు సిబ్బంది అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరి లెక్క పైకి చదువుతాం. నీకు యిన్ని రోజులు, యింత జీతం, యిందులో తేడా వుందా? పది నిమిషాల పని. ఆయాకు చదవనక్కరలేదు, వింటే చాలు. మొదటిసారి ఆమె తల వంచుకుని వూఁ అన్నది. మూడో నెలలో, "మాస్టర్ సాబ్, ఇరవై ఒకటో తారీఖు నేను రాలేదు, మా చెల్లెలి కూతురికి కాన్పు అయింది, మీరు వేసేశారు" అన్నది. తనకు ఎక్కువ పడ్డది తానే దిద్దించింది. ఆ రోజుకు ఎర్రగీత పెట్టి, సెలవు పద్దులో వ్రాశాం. ఆమెకు నెలకు ఒకరోజు జీతంతో సెలవు వుందని అప్పటిదాకా ఆమెకు యెవరూ చెప్పలేదు. సంఘం నియమావళిలో మాత్రం మొదటినుంచీ వున్నది.

చట్టం సంగతి కూడా రెండు ముక్కలు. జీతం వచ్చే నెల ఏడో తారీఖు లోపల చేతికి అందాలన్నది 1936 వేతన చెల్లింపు చట్టం నాటి నుంచి చిన్న సంస్థలకు వున్న మాట. 2019 లో పార్లమెంటు చేసిన వేతనాల కోడు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. అందులో నెలజీతం వాళ్ళకు అదే ఏడు రోజుల గడువు. పని మానేసినవాళ్ళకు, తీసివేసినవాళ్ళకు రెండు పనిరోజుల్లో లెక్క తేల్చాలి. హాజరు, జీతం రిజిస్టరు పెట్టాలి, జీతపు చీటీ యివ్వాలి. గైర్హాజరుకు కోత యెంత కాలం రాలేదో అంతకే, అంతకు మించి కూడదు. పావుగంట ఆలస్యానికి సగం రోజు కోసే అలవాటు మన దగ్గర వుండేది, అది తీసేశాం. మేము యింతకుముందు పండుగలకు ముందే డబ్బు అందాలని ఇరవై ఎనిమిదో తారీఖునే బిల్లు కట్టేవాళ్ళం. మిగిలిన రెండుమూడు రోజులు వస్తారనుకుని ముందే హాజరు వేసేవాళ్ళం. రాని రోజుకు వేసిన హాజరు అబద్ధమే గదా, అది మంచి వుద్దేశంతో అయినా. ఇప్పుడు ఒకటో తారీఖున చదివి, ఐదు లోపల పంపుతున్నాం. పండుగ ముందు కావలసినవాళ్ళకు అడ్వాన్సు, దానికి వేరే కాగితం.

ఆయా 1,100 గురించి. మా జేబులోంచి యిచ్చేద్దామని మొదట అనిపించింది. చేతిలో నోట్లు కూడా తీసుకున్నాం. మళ్ళీ ఆలోచిస్తే, అదీ ఆ టంకా లాంటిదే. మా పరువు దాగుతుంది, పట్టీలో ఆమె పదకొండు రోజులు రానట్టే వుండిపోతుంది. కార్యవర్గంలో పెట్టి, తప్పు ఒప్పుకుని, పట్టీలో కొట్టివేసి దిద్ది, బకాయి బిల్లు కట్టి, సంఘం ఖాతా నుంచే యిప్పించాం. ఆమె వ్రేలిముద్ర వేస్తూ, "దీనికి యింత మంది యెందుకు సార్?" అన్నది. జవాబు చెప్పలేకపోయాము.

కుట్టు కేంద్రం ఆమె 1,800 మాట యింకా తేలలేదు. తిరిగి వసూలు చేయాలని కొందరు, వదిలేయాలని కొందరు. మా అభిప్రాయం అడిగితే, ఆమెకు నష్టమే కాకుండా అవమానం కూడా చేయవద్దు. అంతకుముందు నాలుగేళ్ళు మేమందరం అలాగే ఒకేసారి సంతకాలు పెట్టనిచ్చాం. ఆమె మా దగ్గరే నేర్చుకున్నది. తొమ్మిది రోజుల్లో ఐదు ఆమెకు రావలసిన సెలవులు వున్నాయి. అవి సర్ది, మిగతా నాలుగు రోజులకు 800 మూడు నెలల్లో కట్టుకోమని చెబితే న్యాయంగా వుంటుందేమో. ఆమె యిక్కడే పరదా అవతల వున్నారు. ఈ మాట వారితో ముందే మాట్లాడి, వారు ఔనన్న తర్వాతే యిక్కడ చెబుతున్నాం.

ఈ రోజు సర్వసభ్య సమావేశం ముందు ఒక తీర్మానం వుంది. హాజరుపట్టీ మూసిన మర్నాటి నుంచి వారం రోజులపాటు ఆఫీసుగది బల్ల మీద తెరిచి వుంచాలి, సభ్యుడైన యెవరైనా వచ్చి చూసుకోవచ్చు అని. కొందరు సభ్యులు సిబ్బంది జీతాలు అందరికీ తెలియడం మర్యాదగా వుండదని అంటున్నారు. అందులో నిజం లేకపోలేదు. అందుకని జీతం మొత్తాల గడి మూసి, రోజుల గడులు మాత్రం తెరిచి పెడదామని సవరణ తెచ్చాం. దీని మీద మీరు మాట్లాడండి, కాదనేవాళ్ళు కూడా మాట్లాడండి.

పోయిన నెల పట్టీ గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టించాము. దాని ప్రక్కనే 2024 మార్చి పేజీ కూడా వుంది, దిద్దుబాట్లతో సహా. భోజనాలకు వెళ్ళేటప్పుడు రెండూ చూసి వెళ్ళండి.